కండెపుల్లకు కండలొచ్చిన కాలం

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి వంటింట్లో శనగలు నానబెట్టిన గిన్నె మూత తీసింది. హాల్లో కూర్చున్న నాకు ఆ వాసన తగిలింది. కొంచెం మట్టి, కొంచెం పచ్చి పసరు, అడుగున ఎక్కడో పులుపు. చదువుతున్న పేపరు ఒళ్ళో పెట్టేసి అటే చూస్తూ ఉండిపోయాను.

"ఏంటి నాన్నా అట్లా చూస్తావు? ఇది ప్రొటీన్. ఇంట్లోనే వెయిట్స్ చేస్తున్నా. నీకు తెలీదులే" అంది.

నాకు తెలీదట! సూరత్ అంతా మూతికి గుడ్డ కట్టుకుని గడప దాటకుండా కూర్చున్న కాలంలో, పదడుగుల గదిలో, తుప్పు పట్టిన ఇనుముతో, నానిన శనగలతో, దొంగగుడ్లతో కండలు పెంచినవాణ్ణి నేను. ఆ మాటే దాంతో అన్నాను. అది నా పొట్ట వంక ఒకసారి చూసి, కిసుక్కున నవ్వి, గిన్నె పట్టుకుని గదిలోకి పోయింది. పోనీ. అది వినకపోతే చెప్పడం మానేస్తానా?

అప్పుడు నాకు పద్దెనిమిది నిండాయి. పాండేసర వెనక ఒక చాల్‌లో పై అంతస్తున మాకు గది ఉండేది. వరసగా పన్నెండు గదులు, అందరికీ కలిపి ఒకటే వరండా, ఆ చివర రెండు పాయిఖానాలు. మా బాపు పక్క గల్లీలోని మగ్గాల షెడ్డులో ఎనిమిది మగ్గాలు చూసేవాడు. ఆ షెడ్డును అక్కడ ఖాతా అంటారు. అమ్మ ఇంట్లోనే చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. బాపు తమ్ముడు, మా చిన్నాయన, మాతోనే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "బీమునే కట్టుకున్న గదా, ఇంకేం పెండ్లి" అనేవాడు.

ఆ బీము సంగతి చెప్పాలి. పడుగు పోగులు వేలకు వేలు చుట్టి తెచ్చే ఇనుప రోలు అది. మనిషంత పొడవు, ఇద్దరు మనుషులంత బరువు. మగ్గం మీద పాతది అయిపోగానే కొత్తది తెచ్చి వెనక ఎక్కించాలి. మగ్గాల నడుమ సందు ఒక మనిషి నడిచేంతే కాబట్టి బండి పట్టదు. ముందొకరు, వెనకొకరు భుజాల మీద మోసుకుపోవాల్సిందే. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. మా చిన్నాయనా, ఒక ఒడియా అన్నా ఏళ్ళ తరబడి జోడీ. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. అయినా ఒకడు "హూ" అంటే ఇంకొకడు "హా" అనేవాడు, బీము గాల్లోకి లేచేది. చూసితీరాలి ఆ లేవడం! చిన్నాయన కుడి భుజం మీద కాయ కాసి, చిన్న వెలక్కాయంత ఉండేది. నేను చిన్నప్పుడు దాన్ని పట్టుకునే నిద్రపోయేవాణ్ణట.

ఆ ఖాతాలో ఒక పట్టింపు ఉండేది. కొత్త బీముకు గుమ్మంలో పసుపు రాసి కొబ్బరికాయ కొట్టి ఎత్తితే, మళ్ళీ మగ్గం మీదనే దించాలి. నడుమ నేలకు ఆనించకూడదు. ఆనిస్తే బీము అలుగుతుందని, అలిగిన బీము అడుగడుక్కీ పోగు తెంపుతుందని పెద్దల నమ్మకం. పోగు తెగితే మగ్గం ఆగుతుంది, నేసేవాడి రోజంతా ముడులు వేయడంతోనే పోతుంది. అందుకని ఎవరి చేతకానితనం వల్ల బీము నడుమ దిగిందో, వాడిని ఇక ఆ ఖాతాలో బీము ముట్టనిచ్చేవారు కాదు. చిన్నాయన చూస్తుండగానే అలా ఇద్దరి పని పోయింది.

ఇక నా సంగతి. పేక నూలు చుట్టే సన్నటి పుల్లను కండెపుల్ల అంటారు. ఖాతాలో నా పేరు అదే. బాపుకు అన్నం క్యారియర్ పట్టుకుపోతే చాలు, "అగో, కండెపుల్ల వచ్చిండు, పంక బంద్ చెయ్యుండ్రి, ఎగిరిపోతడు" అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి వచ్చాక చొక్కా విప్పి అద్దంలో పక్కటెముకలు లెక్కపెట్టుకుని ఏడ్చేవాణ్ణి.

ఇంతలో ఆ మాయరోగం వచ్చి ఖాతాలు మూసేశారు. పుట్టి బుద్ధెరిగాక మగ్గాల చప్పుడు ఆగడం నేను వినలేదు. మొదటి రోజు పొద్దున అమ్మ ఉలిక్కిపడి లేచి, "ఏమైందయ్యా, నా చెవులు గిట్ల పోయినయా?" అని బాపును తట్టి లేపింది. రెండు రోజులు బాపు నిద్రపోలేదు, ఆ చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర రాదు. "కూసుండి తింటె కొండలు తరుగుతయి" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అనేవాడు. మాకేం కొండలున్నాయో నాకు తెలియదు.

అప్పుడు దొరికింది ఫోన్‌లో ఒక వీడియో. కొండలాంటి మనిషి ఒకడు ఇంట్లో కుర్చీ పట్టుకుని, గోడ పట్టుకుని, సన్నటివాళ్ళు కండలు ఎలా పెంచాలో చెప్తున్నాడు. నా ఒంట్లో ఒక్కసారిగా కరెంటు పాకింది. ఖాతా తెరిచేనాటికి కండెపుల్ల అన్నవాడి నోరు మూయించాలి! అంతే, లేచి గుంజీలు మొదలుపెట్టాను. రెండొందలు తీశాను. అమ్మ కత్తెర ఆపి, "దయ్యం పట్టిందా ఈనికి" అంది.

తెల్లారింది. కాళ్ళు నావి కావు. పాయిఖానాకు పోయాను, కూర్చున్నాను. లేవలేకపోయాను! బయట వరసలో ఆరుగురు, చేతుల్లో డబ్బాలతో, మనిషికీ మనిషికీ దూరం పాటిస్తూ నిలబడి ఉన్నారు. తలుపు తడుతున్నారు, తిడుతున్నారు. చివరికి చిన్నాయన వచ్చి గడియ సందులోంచి చీపురుపుల్ల పెట్టి తీసి, రెండు చంకల్లో చేతులేసి నన్ను ఎత్తుకొచ్చాడు. వరండా వరండా అంతా నవ్వు. ఆ దిగులు రోజుల్లో మా చాల్‌లో అంతగా నవ్విన పూట అదొక్కటే అనుకుంటా.

"ఒక్కనాడే బాయి తవ్వుతవారా, కండెపుల్లా?" అన్నాడు చిన్నాయన నన్ను మంచం మీద పడేసి, నువ్వుల నూనె రాస్తూ. "కండ పనిల పెరగదురా. పనిల నలుగుతది, నిద్రల పెరుగుతది. ఒక దినం చెయ్యి, ఒక దినం ఊకె ఉండు. జర కడుపుకు పెట్టు. గాలి తిని కండలొస్తయా?"

ఆయనే ఖాతా నడిపే మాస్టర్‌ను అడిగి అక్కడి చెత్తలోంచి నాలుగు ఇనుప బరువులు తెచ్చాడు. మగ్గం వెనక పడుగు బిగుతుగా ఉండడానికి వేలాడదీసేవి, పాతవి. వాటిని ఒక పైపుకు చెరి రెండు కట్టాం. నా పాత బడిసంచిలో ఇసుక పోసి వీపుకు వేసుకుని దండీలు. వారానికి రెండు దోసిళ్ళ ఇసుక ఎక్కువ, అంతకన్నా ఎక్కువ వద్దన్నాడు. మెట్ల కింద పైపు పట్టుకుని వేలాడడం, గడ్డం పైపును దాటితే ఒక లెక్క. మొదట్లో గడ్డం కాదు కదా, నెత్తి కూడా పైపును అందుకోలేదు. తన్నుకుని తన్నుకుని పన్నెండో రోజో పదమూడో రోజో ఒక్కటి పడింది. అరిచిన అరుపుకు కింద కుక్కలు లేచాయి!

తిండి. పొద్దున గుప్పెడు నానిన శనగలు, బెల్లం ముక్క. పల్లీలు. రెండు పూటలా పప్పు. రొట్టెలు ఎన్ని తినగలిగితే అన్ని. "నీకు కడుపా, బొరియనా?" అనేది అమ్మ, అంటూనే ఇంకోటి వేసేది. ఇంక మిగిలింది గుడ్డు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇల్లుగలావిడ కింద ఉండేది. గుజరాతీ ముసలావిడ, అందరం 'బా' అనేవాళ్ళం. గది ఇచ్చేటప్పుడే చెప్పింది, నీచు వండితే ఆ రోజే ఖాళీ చేయాలని. గుడ్డు కూడా నీచే. బయట పురుగు కూడా తిరగని ఆ రోజుల్లో ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? అయినా నాకు గుడ్డు కావాలి. అమ్మను రెండు రోజులు పీకితే ఒప్పుకుంది. అన్నం ఎసట్లో గుడ్లు దాచి ఉడికించేది, పైన కరివేపాకు పోపు పెట్టి వాసన చంపేది. పెంకులు పారేసే పని నాది. చెత్తలో వేస్తే దొరికిపోతాం. మెట్ల దగ్గర బా పెంచుకునే తులసి కుండీ కనిపించింది. పొడి చేసి మట్టిలో కలిపేసేవాణ్ణి. పాపమని తెలుసు. కానీ తులసి మాత్రం ఏపుగా పెరిగి గుబురైంది.

ఒక పొద్దున బా మెట్లెక్కి వచ్చింది. గిన్నెలో గుడ్లు కుతకుతలాడుతున్నాయి. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. బా గడప అవతలే నిలబడి, ముక్కు మీది గుడ్డ సర్దుకుని, నా చేతుల వంక చూసింది.

"నా తులసికి ఎరువు ఎవరు వేస్తున్నారో నాకు తెలీదనుకున్నారా?" అంది హిందీలో. "నెల నుంచి చూస్తున్నాను. అరే ఛోకరా, బలం గుడ్డులోనే ఉందా? మా పిల్లలు ఏం తిని పెరిగారు?" కొంగు చాటు నుంచి ఒక స్టీలు డబ్బా తీసి గడప మీద పెట్టింది. అందులో సుఖడీ. గోధుమపిండి నేతిలో వేయించి, బెల్లంతో బిళ్ళలు కోసిన మిఠాయి. ఇంకా వేడిగా ఉంది. "ఇది తిను. అది మానెయ్. తులసికి చెప్పుకో క్షమించమని" అని దిగిపోయింది.

అమ్మ కుప్పలా కూలబడి ఏడ్చింది, తర్వాత నవ్వింది. నేను ఆ పూటే తులసి దగ్గర లెంపలేసుకున్నాను. ఆ నేతి వాసన మా గదిలో మూడు రోజులు ఉంది. మళ్ళీ గుడ్డు జోలికి పోలేదు, ప్రతి శుక్రవారం డబ్బా వచ్చేది.

అంతా బాగుంది గానీ కండ వచ్చిందా లేదా? కొలవాలి కదా. గుంజీలు మొదలుపెట్టిన వారమే బాపు దగ్గర ఉన్న కండె నుంచి ఒక పోగు తీసుకుని, మోచేతి పైన దండకు చుట్టి, అంటిన చోట ముడి వేసి, గోడ మేకుకు తగిలించాను. ఆదివారం ఆదివారం దాన్నే తీసి చుట్టేవాణ్ణి. మొదటి వారం ముడి సరిగ్గా అక్కడికే వచ్చింది. రెండో వారం అక్కడికే. మూడు, నాలుగు, అయిదు వారాలు, వెంట్రుకవాసి తేడా లేదు! శనగలు దండగ, సుఖడీ దండగ, ఇసుక దండగ. ఆ రోజు పైపు విసిరికొట్టి మూల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏంది రా కథ?" అన్నాడు బాపు. పోగు చూపించాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గుంజాడు. అది జానెడు సాగింది. వదిలితే మళ్ళీ ముడుచుకుంది.

"ఓరి నీ అక్కరదీర! మగ్గాల ఇంట్ల పుట్టి పోగు సంగతి తెల్వదా? గిది సాగే పోగురా. నీ దండ ఎంత పెరిగితే గదీ అంత పెరుగుతది. ఏనుగు కాలుకు చుట్టినా ముడి గాడికే వస్తది!"

చిన్నాయన గోడకు చేరగిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అమ్మ జాకెట్ కుట్టే నూలుదారం తెచ్చింది. నా పాత చొక్కా ఒకటి ఉంది, చేతి అంచు ఒకప్పుడు వదులుగా ఉండి రెండు వేళ్ళు దూరేది. అది తొడిగి చూడమన్నాడు బాపు. తొడిగాను. వేళ్ళు కాదు కదా, దారం కూడా దూరలేదు! గుడ్డ పట్టేసింది! "అమ్మా, చూడే! చూడే!" అని వరండాలోకి పరుగెత్తాను. పన్నెండు గదులకూ చేయి చూపించి వచ్చాను.

ఆ సంబరం వారం కూడా ఉండలేదు. చిన్నాయనకు జ్వరం వచ్చింది. రెండో రోజుకు దగ్గు, మూడో రోజుకు ఆయాసం. తెల్ల బట్టల్లో తల నుంచి కాళ్ళ దాకా కప్పుకున్న ఇద్దరు వచ్చి తీసుకుపోయారు. ఎవరూ రాకూడదని మా గది తలుపుకు కాగితం అంటించారు. చిన్నాయన బండి ఎక్కుతూ పైకి చూసి, నాకు మాత్రం కనిపించేలా దండ మీద చెయ్యి వేసి చూపించాడు. మానకు, చెయ్యి అని. ఆ రోజుల్లో అలా పోయినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు ఉన్నారు. నేను చేస్తూనే ఉన్నాను. ఏడుస్తూ చేశాను. వద్దంటే కూడా చేశాను.

ఆయన తిరిగి వచ్చాడు. ఇరవై రోజుల తర్వాత మెట్లెక్కి వచ్చాడు, నడుమ రెండుసార్లు కూర్చున్నాడు. చొక్కా కొక్కేనికి వేసినట్టు వేలాడుతోంది. భుజం మీద కాయ అలాగే ఉంది, దాని చుట్టూ భుజమే లేదు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "ఏంది గట్ల చూస్తరు? బుక్కెడు బువ్వ పెట్టు వదినె, నాలుగు దినాలల్ల మంచిగైత" అన్నాడు.

ఈ మధ్యలోనే రైళ్ళు వదిలారు. ఒడియా అన్న వాళ్ళ ఊరు పోయాడు. కిందనుంచే చేతులు జోడించి, "భాయ్, ఆతా హూఁ" అని చెప్పి పోయాడు. ఎప్పుడు వస్తాడో దేవుడికే తెలుసు.

ఇంకో నెలకు ఖాతా మాస్టర్ చిన్నాయనకు ఫోన్ చేశాడు. గుజరాతీ మనిషి, మంచివాడే గానీ పని పనే అనేవాడు. పన్నెండు బీములు వచ్చి గుమ్మంలో ఉన్నాయి, సోమవారం తెరుస్తున్నాం, నీకు జోడీ ఉందా అని అడిగాడు. లేకపోతే కడోదరా నుంచి ఒక జోడీ రావడానికి సిద్ధంగా ఉంది, వాళ్ళనే పెట్టుకుంటానన్నాడు. చిన్నాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో భుజం మీది కాయ తడుముకున్నాడు. మగ్గం నడపడం ఆయనకు రాదు. చదువు రాదు. ఆయనకు తెలిసిందల్లా ఆ బరువు ఒక్కటే.

"నేనున్న" అన్నాను.

అందరూ నా వంక తిరిగారు. చిన్నాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి, బీమును చూసినట్టు చూశాడు. ఫోన్‌లో "ఉన్నడు సాబ్. మా అన్న కొడుకు" అన్నాడు.

అమ్మో, ఆ వారం! మేడ మీద ఒక ఇనుప గొట్టానికి అటూ ఇటూ నీళ్ళ డబ్బాలు కట్టి, ఒక కొస నేను, ఒక కొస బాపు. చిన్నాయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. "మెడ మీద పెట్టకు, భుజం మీద పెట్టు. నడుముతోని లేవకు, తొడలతోని లే. అడుగు చిన్నగ వెయ్యి. ముందటోడు వెనకటోని ఊపిరి వినాలె, గదే జోడీ." ఆయన్ను కూడా పట్టమంటే "నాకెందుకురా ప్రాక్టీసు, ఎత్తినోన్నే గద" అనేవాడు. మేమూ నమ్మాం. నమ్మాలని ఉండింది మరి.

సోమవారం వాన పడుతోంది. ఖాతా తలుపు తీస్తే మగ్గాల నూనె వాసన, తడి గోడల వాసన, ఎలుకల వాసన కలిసి కొట్టాయి. మగ్గానికీ మగ్గానికీ నడుమ సాలెగూళ్ళు. ఊళ్ళకు పోగా మిగిలినవాళ్ళు పదిహేను మంది ఉంటారు, అందరి మూతులకూ గుడ్డలు. మొదటి బీము బాపు మగ్గానికే. అది కొసాఖరు వరసలో, ఇరవై అడుగులు వేసేంత దూరంలో. మాస్టర్ పసుపు రాశాడు, కాయ కొట్టాడు.

"కండెపుల్లనా మోసేది?" అన్నారెవరో. నవ్వారు. నేను చొక్కా విప్పాను. నవ్వు ఆగిపోయింది! ఒట్టు, ఆగిపోయింది. ఆ క్షణం కోసమే కదా మూడున్నర నెలలు చచ్చిబతికింది.

ముందు నేను, వెనక చిన్నాయన. "హూ" అన్నాడు. "హా" అన్నాను. లేచింది! భుజం మీద కూర్చుంది. తొడలు పట్టాయి, నడుము పట్టింది. ఒకటి, రెండు, మూడు. బరువు తెలుస్తోంది గానీ నన్ను తొక్కడం లేదు. నేనే దాన్ని మోస్తున్నాను. ఒళ్ళంతా పొంగిపోతోంది. అయిదు, ఆరు. పరుగెత్తమన్నా పరుగెత్తేవాణ్ణి. బాపు మగ్గం దగ్గర నా ఎదురుగా నిలబడి నన్నే చూస్తున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

తొమ్మిదో అడుగులో బాపు చూపు నా మీద నుంచి జరిగింది. నా వెనక్కి పోయింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

అప్పుడు విన్నాను. వెనక ఊపిరి తీసినట్టుగా లేదు, ఈడ్చినట్టుగా ఉంది. బీము ఇనుము సన్నగా వణుకుతోంది. ఆ వణుకు నాది కాదు. నా కాళ్ళు గట్టిగా ఉన్నాయి. ఇంకా పదకొండు అడుగులు ఉన్నాయి.

చిన్నాయన నోరు తెరవడు. నాకు తెలుసు. ప్రాణం పోయినా దించమనడు. దించమంటే ఈ ఖాతాలో ఆయన పని అయిపోయినట్టే. దించకపోతే మనిషే అయిపోయేలా ఉన్నాడు. ఇంకో అడుగు వేశాను. బీము వెనక కొస ఒక బెత్తెడు కిందికి జారి ఆగింది.

"చిన్నాయినా!" అని అరిచాను. "నాతోని గాదు! నా భుజం పోతుంది! దించు, దించు!"

దించాం. ఖాతా నడిమధ్యలో, నేల మీద, పసుపు రాసిన మొదటి బీము. నేను భుజం పట్టుకుని కూర్చుండిపోయాను. మూలిగాను కూడా. చిన్నాయన బీము మీదనే ఒరిగి, తల వంచుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. అందరూ చూస్తున్నది మాత్రం నన్నే.

"అరే యార్, పహలా బీమ్!" అని మాస్టర్ తల కొట్టుకున్నాడు. "ఛోకరా కచ్చా హై. చార్ జణా లగావ్" అన్నాడు. పిల్లవాడు పచ్చివాడు, నలుగురు పట్టండి అని. ఇంకో ముగ్గురు వచ్చారు. నలుగురు ఒకరి వెనక ఒకరు పట్టేసరికి చిన్నాయన మీద మునుపటిలో సగం బరువే పడింది. పన్నెండు బీములూ అలాగే ఎక్కాయి. ఆయనకు అలవాటైన జోడీ వచ్చేదాకా నలుగురే పట్టాలని మాస్టర్ ఆ పూటే తేల్చేశాడు. నన్ను కండెలు చుట్టే మిషను దగ్గర కూర్చోబెట్టారు. కండెపుల్ల సొంత ఇంటికి చేరిందని ఎవరో అంటే పదిహేను మందీ విరగబడి నవ్వారు. నాకు ఇక ఆ ఖాతాలో బీము ముట్టే రాత లేదు.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "గన్ని శనగలు, గంత నెయ్యి, అంత ఏట్ల పోసినట్టే" అంది మూడో రోజు. ఆ బీము అలిగిందా అంటే, బాపు ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. ఎన్ని పోగులు తెగినా నా వైపు చూడకుండా ముడి వేసుకునేవాడు. శనగలు మాత్రం చిన్నాయనే నానబెట్టేవాడు, నాకూ తనకూ.

దీపావళి తర్వాత ఒడియా అన్న వచ్చాడు. అప్పటికి చిన్నాయన భుజం నిండుతోంది. ఖాతా బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నేను లేనప్పుడు నీకు జోడీ ఎవరు అని అడిగాడు ఒడియా అన్న. "వీడే" అన్నాడు చిన్నాయన నన్ను చూపించి. బీము నడుమ దిగిన కథ అతని దాకా వచ్చినట్టుంది, నా కండల వంక చూసి పెద్దగా నవ్వాడు.

చిన్నాయన నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, అతనికి అందనంత మెల్లగా తెలుగులో, నాకొక్కడికే అన్నాడు.

"ఎత్తెటోళ్ళు శానమంది దొరుకుతరు బిడ్డా. నా పానం జూసి, సిగ్గు తన మీదేసుకుని దింపిచ్చెటోడు యాడ దొరుకుతడు?"

ఆ ఖాతా ఇప్పుడు లేదు. ఆ మగ్గాలు పాత ఇనుముకు పోయాయి, చిన్నాయనా పోయాడు. నన్ను బలవంతుడివని ఆ తర్వాత ఎవరూ అనలేదు, నాకూ అనిపించుకోవాలని అనిపించలేదు. ఆ రోజు టీ గ్లాసు పక్కన పెట్టేసి, గబగబా మాస్కు కళ్ళ కింద దాకా లాక్కున్నాను. అది ఉండబట్టి సరిపోయింది, లేకపోతే టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళందరూ నా మొహం చూసేవాళ్ళు.